ఏడు పాయింట్లు

పుంగనూరు,
ఆగస్టు 4, 2024.

నవనీత పాపకు మామ ముద్దుకృష్ణ రాసేది.

ఈడ నేనూ మీ అత్త మునిరత్నమ్మా బాగుండాము. నువ్వు మళ్ళా ఫోన్ చేసినావని మీ అత్త చెప్పింది. నాతోనే మాట్లాడల్లని పట్టు పట్టొద్దు. షెడ్డులో ఎప్పుడూ చప్పుడే, టవరు కూడా సరిగా అందదు. ఏదన్నా ఉంటే ఉత్తరం రాయి. నువ్వు ఏడో తరగతిలో ఉండంగా షెడ్డు నేల మీద సుద్దముక్కతో నాకు నేర్పించిన అక్షరాలు ఇవి. వాడకపోతే తుప్పు పడతాయి.

ఇప్పుడు పని మాట. మదనపల్లె టమోటా మండీలో సుధారాణమ్మ ఉండాది గదా, ఆయమ్మ కొడుకు మధుసూదన్ వచ్చినాడు. వాళ్ళ నాయన కారు, పదమూడు వందల సీసీ పెట్రోలు బండి, నీకంటే పెద్దది. నాయన పోయినాక కూడా అమ్మకుండా పెట్టుకోనుండాడు. మొదటి నుంచి దానికి పాన పట్టింది నేనే. "అప్పా, హార్సిలీ కొండ ఎక్కతాంటే మోపెడ్లు కూడా నన్ను దాటిపోతాండాయి. దీనికి దమ్ము పెంచల్ల" అన్నాడు.

బెంగళూరులో ఒక షాపులో అడిగితే మూడు దోవలు చెప్పినారంట. టర్బో, సూపర్‌చార్జర్, లేకుంటే ఏదీ తగిలించకుండా ఉండే ఇంజన్నే సాన పట్టేది. మా అప్ప పుంగనూరులో చేస్తాడులే అని వీడు చెప్తే, ఆ షాపాయన నవ్వి "ఆడ ట్రాక్టర్లు బాగా చేస్తారంట" అన్నాడంట. ఆ మాట నాకు రాత్రి అన్నం తినేటప్పుడు కూడా గుర్తొస్తాంది.

ఈ ఏడు నా కాడికొచ్చే బండ్లు సగమైపోయినాయి. యాల అనేది ఇంకోసారి రాస్తా. ఈ కారు కుదిరితే షెడ్డు పేరు నిలబడతాది. కుదరకపోతే ఉగాదికి తలుపు మూసేదే. మన ఇండ్లల్లో బడికి పోయినదానివి నువ్వొక్కదానివే, చదివేది కూడా ఇంజన్లే. మూడిట్లో ఏది మంచిదో రాసి పంపు.

మామ,
ముద్దుకృష్ణ.

*

కుప్పం,
ఆగస్టు 9.

మామకు,

ఉత్తరం అందింది. "ళ" ఇంకా తలకిందులుగానే రాస్తున్నావు. ఇన్నేళ్ళయినా నా విద్యార్థి మారలేదు.

నువ్వు నన్ను సలహా అడగడం ఇదే మొదటిసారి. పదో నంబరు స్పానరుకూ పన్నెండుకూ తేడా తెలియక నీ చేత మొట్టికాయలు తిన్నదాన్ని. ఈ ఉత్తరం రాసేముందు రెండు రోజులు లైబ్రరీలో కూర్చున్నాను.

మూడు దారులూ ఒక్క పని కోసమే, మామా. ఇంజన్ లోపలికి ఎక్కువ గాలి పంపడం. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ కాలుతుంది, బలం వస్తుంది. తేడా అంతా ఆ గాలి ఎలా వెళ్తుందన్న దాంట్లో ఉంది.

సాన పట్టే పద్ధతిలో ఎవరూ గాలిని తోయరు. హెడ్ విప్పి గాలి దారులు నున్నగా చేయాలి, క్యామ్ మార్చాలి, పొగ గొట్టం వెడల్పు చేయాలి. ఇంత చేసినా నూటికి పది వంతులు, మహా అయితే పదిహేను పెరుగుతుంది. కానీ ఇంజన్ స్వభావం చెడదు. సూపర్‌చార్జర్ బెల్టుతో తిరుగుతూ గాలిని లోపలికి తోస్తుంది, కాలు పెట్టిన క్షణమే లాగుతుంది. అయితే దాన్ని తిప్పడానికి ఇంజనే కొంత బలం ఖర్చు పెట్టాలి, పైగా అంత చిన్న ఇంజన్‌కు సరిపోయేది మన చుట్టుపక్కల దొరకదు. టర్బో పారేసే పొగతోనే తిరుగుతుంది కాబట్టి ఖర్చు లేనట్టు కనిపిస్తుంది. మొదట కాసేపు ఏమీ ఉండదు, తర్వాత ఒక్కసారిగా తోస్తుంది. వేడి చాలా ఎక్కువ. ఆ పాత పిస్టన్లు అంత ఒత్తిడి కోసం చేసినవి కావు.

నా మాట సాన పట్టడమే. మధుసూదన్ అన్నకు నూటికి పది చాలని చెప్పు. అది చెవితో చేసే పని. ట్యాపెట్ సందు పెట్టడంలో గానీ, టైమింగ్ తిప్పడంలో గానీ నీ చెవికి సమానమైన మీటరు మా ల్యాబులో కూడా లేదు. ఆ బెంగళూరు షాపాయన దగ్గరా ఉండదు.

లెక్కలన్నీ వేరే కాగితంలో వేసి జతచేశాను. అత్తకు నమస్కారాలు.

నవనీత.

*

పుంగనూరు,
ఆగస్టు 19.

నవనీత పాపకు,

టర్బో అంటే ఏందో నాకు చెప్తాండావు. నువ్వు పుట్టకముందే లారీలవి విప్పి కడిగి బిగించినా. అయినా చదివినా, బాగా రాసినావు. మీ అత్తకు చదివి వినిపించినా. "సూడు, పాప నీకు పిల్లోడికి చెప్పినట్టు చెప్పింది" అని నవ్వింది.

సాన పట్టే పని నేను చెయ్యను. దానికి చానా తీరిక కావాల. నాకు కండ్లతో సూసి పెట్టుకునే పని కావాల. సూపర్‌చార్జర్ అయితే నువ్వు చెప్పినట్టు దొరకదు. టర్బోకయితే గాలి ఎంత పోతాందో సూపించే గడియారం తగిలిస్తాము, ముల్లు యాడుండాదో కనపడతాది, ఆడికి నిలబెడితే అయిపోయె. మధుసూదన్‌కు కూడా టర్బో మీదనే ఆశ. తునకలైపోయిన చిన్న డీజిలు కారుది ఒకటి దొరికింది. రెక్కలు బాగుండాయి, అల్లాడడం లేదు.

ఇంజన్ మీద స్క్రూడ్రైవరు పెట్టి పిడి చెవికి ఆనించేవాణ్ణి గదా, ఇప్పుడు దాన్ని పండ్లతో కరుచుకుంటాండానని మీ అత్త ఎగతాళి చేస్తాది. "వయసైపోయి ఇంజన్లు కొరుకుతాండాడు మీ మామ" అని నీకు రాయమనింది. రాసినా.

నీ లెక్క కాగితం తిరిగి పంపిస్తాండా. అంతా ఇంగ్లీషు. బార్ అంటావు, పీఎస్‌ఐ అంటావు, ఇంకేందో పాస్కల్ అంటావు. అవి నాకు యాల? గాలి అంగట్లో టైరుకు ముప్పై పాయింట్లు పెట్టు అంటే మనూర్లో అందరికీ తెలుస్తాది. అట్ల రాయి. గాలి ఎంత పెట్టల్లనో ఒక్క మాట, నా మాటల్లో.

మామ.

*

కుప్పం,
ఆగస్టు 26.

మామకు,

నా సలహా అడిగి, దాన్ని పక్కన పెట్టావు. కోపం రాలేదు, దిగులు మాత్రం ఉంది. నువ్వు టర్బోనే అని నిర్ణయించుకుంటే జాగ్రత్తగా అయినా చేయాలి. అందుకే మళ్ళీ లెక్క వేశాను. మా సారుకు చూపించాను, ఆయన కూడా సరేనన్నారు.

నీ మాటల్లోనే రాస్తున్నాను. గోడకు అంటించుకో.

ఏడు పాయింట్లు దాటనీయద్దు. ఏడంటే ఏడే.

దీన్ని ఎర్ర సిరాతో రాసి కింద రెండు గీతలు గీశాను. నా గదిలో ఉండే పల్లవి చూసి "పరీక్షలో పాయింట్లు అని రాస్తే సున్నా వేస్తారే" అంది. పరీక్ష పేపరు దిద్దేవాళ్ళు వేరు, మా మామ వేరు అన్నాను. నిజం చెప్పాలంటే ఇలా రాయడం నాకు చాలా నచ్చింది. నాలుగేళ్ళుగా చదివినదంతా నీకు తెలిసిన ఒక్క మాటలోకి వచ్చి చేరినట్టు అనిపించింది.

ఇంకొక్క సంగతి. ఒత్తిడి ఎక్కువైతే లోపల పెట్రోలు సమయానికి ముందే తనంతట తాను పేలుతుంది. అప్పుడు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు సన్నగా చప్పుడు వస్తుంది. ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు. అది వినిపిస్తే ఆ క్షణమే కాలు తీసేయాలి, గాలి తగ్గించాలి. అలాగే కొన్ని రోజులు నడిపితే పిస్టన్ పగులుతుంది. ఆ చప్పుడు మామూలు వాళ్ళకు తెలియకపోవచ్చు, నీకు వినపడకుండా పోదు. అందుకే నాకు భయం కొంచెం తక్కువ.

స్క్రూడ్రైవరు నోట్లో పెట్టుకోకు, గ్రీజు కడుపులోకి పోతుంది.

నవనీత.

*

పుంగనూరు,
అక్టోబరు 3.

నవనీత పాపకు,

అయిపోయింది. నెలకు పైనే పట్టింది. పొగ గొట్టం నేనే అతికినా. నూనె పోయే పైపు మాత్రం మూడుసార్లు విప్పినా. పెట్రోలు ఎక్కువ పోసే చిన్న పెట్టె ఒకటి మధుసూదన్ తెచ్చిచ్చినాడు.

మదనపల్లెలో పాత సామాన్లమ్మే కాడ గడియారం దొరికింది. సీమది, బయటి దేశందంట. సున్నా నుంచి పది గీతలుండాయి. పదో గీత కాడ 1 అని ఉండాది, పక్కన సున్నా చెరిగిపోయినట్టుండాది, పాతది గదా. టర్బో పక్కనుండే కడ్డీని బిగిస్తా వదులు చేస్తా, ముల్లును ఏడో గీత మీద కట్టేసినట్టు నిలబెట్టినా. వెంట్రుకవాసి కూడా దాటనీలే. నీ ఎర్ర సిరా కాగితం పని బల్ల పైన గోడకు అంటించుండా. వచ్చినోళ్ళందరికీ మా పాప రాసిచ్చిందని సూపిస్తాండా.

మొన్న ఆదివారం మధుసూదన్ నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకోని హార్సిలీ కొండ ఎక్కించినాడు. నా ఈపు సీటుకు అతుక్కుపోయింది. మోపెడ్లు కాదు గదా, కొత్త కార్లు కూడా వెనకబడినాయి. పైన దిగి, బానెట్టు మీద చెయ్యి పెట్టి వాడు చానాసేపు అట్లే నిలబడినాడు. వాళ్ళ నాయన్ని తలుచుకున్నాడేమో.

వాడు చెప్పినాడని ఇంకో ఇద్దరు వచ్చి మాట్లాడి పోయినారు. ఉగాదికి తలుపు మూసే పనేం లేదులే.

మామ.

*

కుప్పం,
అక్టోబరు 9.

మామకు,

నీ ఉత్తరం పల్లవికి గట్టిగా చదివి వినిపించాను. ఎర్ర సిరా కాగితం సంగతి ఉన్న చోటు రెండుసార్లు చదివాను. సాన పట్టడమే మేలని రాసినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. నువ్వు చేయగలవని నేనే నమ్మలేదన్నమాట.

పరీక్షలు దగ్గర పడ్డాయి. ప్రాజెక్టు రిపోర్టులో నీ కారు గురించి ఒక పేజీ రాస్తున్నాను. నీ పేరు కూడా వేస్తాను. చప్పుడు సంగతి నువ్వేమీ రాయలేదు. రాయలేదంటే లేదనే అనుకుంటున్నాను.

నవనీత.

*

పుంగనూరు,
నవంబరు 12.

నవనీతా,

మధుసూదన్ పోయినాడు.

పోయిన బుధవారం హార్సిలీ దోవలో ఇంజన్ పగిలింది. నూనె ఎగిరి కాలతాండే టర్బో మీద పడి మంట లేసింది. వెనక టమోటా వ్యానులో వస్తాండేవాళ్ళు బయటికి లాగినారు. ఆస్పత్రిలో నాలుగు దినాలుండాడు. నిన్న కాటికి ఎత్తుకోని పోయినారు. నేను పోలే. దూరంగా మండీ గేటు కాడ నిలబడి వచ్చేసినా.

నువ్వు ఈడికి రావద్దు. ఎవురన్నా అడిగితే నీకేం తెలీదను. నా ఉత్తరాలు నీ కాడుంటే కాల్చెయ్యి. నీవి నేను కాల్చేసినా. గోడ మీది కాగితం కూడా.

మామ.

*

కుప్పం,
నవంబరు 16.

మామా,

అత్తకు ఫోన్ చేస్తే "ఇప్పుడు రావద్దు పాపా" అని తప్ప ఇంకేమీ చెప్పలేదు. నీకు ఫోన్ ఇవ్వమంటే ఏడ్చింది.

నీ ఉత్తరాలు కాల్చలేదు. కాల్చే ముందు ఒకసారి చదవాలనుకున్నాను. అక్టోబరు మూడో తేదీ ఉత్తరం చదివాక కాల్చలేకపోయాను.

పదో గీత దగ్గర 1 అని ఉంది, సున్నా చెరిగిపోయింది అని రాశావు. సున్నా చెరిగిపోలేదు మామా. అక్కడ ఎప్పుడూ సున్నా లేదు. అది ఒకటే. ఒక బార్. సీమ గడియారాలు బార్‌లలో ఉంటాయి. ఒక బార్ అంటే గాలి అంగడి లెక్కలో పద్నాలుగున్నర పాయింట్లు. ఒక్కో గీతా దాదాపు పాయింటున్నర. నువ్వు ముల్లును ఏడో గీత మీద నిలబెట్టినప్పుడు లోపలికి వెళ్ళింది ఏడు పాయింట్లు కాదు. పదికి పైన.

నువ్వు తప్పు చేయలేదు. నేను ఏడు పాయింట్లు అన్నాను, నువ్వు ఏడు గీతలు లెక్కపెట్టావు. బార్ అని రాసి ఉంటే, అర్థం కాకపోయినా గడియారం మీద ఆ మాట కోసం వెతికేవాడివి. పీఎస్‌ఐ అని రాసి ఉంటే ఎవరినైనా అడిగేవాడివి. పాయింటు అనే మాట నీకు తెలిసినదే కాబట్టి ఎవరినీ అడగలేదు. నీ మాటల్లో రాశానని గొప్ప పడ్డాను. గొప్ప పడి ఊరుకోకుండా, గడియారం దేంట్లో ఉందో ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అది మా మొదటి ఏడాది పాఠం. పైగా నువ్వు రాసి పంపావు. నేను చదివాను, గట్టిగా చదివి వినిపించాను కూడా. పరీక్షల ధ్యాసలో, సంతోషంలో ఆ వాక్యం మీదుగా దాటిపోయాను.

ఒక్కటి మాత్రం అర్థం కావడం లేదు. పది పాయింట్ల మీద ఆ ఇంజన్ ఒక్కసారిగా పగలదు. ముందు చాలా రోజులు ఆ గులకరాళ్ళ చప్పుడు చేసి ఉంటుంది. నువ్వు కొండ ఎక్కిన రోజు కూడా చేసి ఉంటుంది. నీ చెవికి ఎలా వినపడలేదు? నిన్ను నిలదీయడం లేదు మామా. తెలియకపోతే నిద్ర పట్టడం లేదు.

నవనీత.

*

పుంగనూరు,
నవంబరు 24.

నవనీత పాపకు,

మూడుసార్లు రాసి చించేసినా. ఇది చించను.

నాకు చెవులు వినపడవు.

ఎడమది రెండేండ్ల కిందటే పోయింది. కుడిది ఈ ఉగాది నుంచి. ముప్పై ఏండ్లు రేకుల షెడ్డులో సమ్మెట దెబ్బలు. గట్టి చప్పుడయితే కడుపుకు తెలుస్తాది. సన్న చప్పుళ్ళు లేవు. మీ అత్త పక్కన కూర్చోని ఎవురేం చెప్తాండారో పెదాలు మెల్లగా ఆడించి చెప్తాది. ఎదురుగా ఉండి మాట్లాడితే సగం నేనే కనుక్కుంటా. చెవిటి మెకానిక్కు కాడికి బండి ఎవురు తెస్తారు? అందుకే నీతో ఫోన్ వద్దన్నా. నీక్కూడా చెప్పొద్దని మీ అత్త చేత ఒట్టు వేయించుకున్నా. బండ్లు సగమైనాయి యాల అని రాయకుండా వదిలేసింది దీనికే.

స్క్రూడ్రైవరు పండ్లతో కరుచుకుంటే ఎముకలో కొంచెం తెలిసేది. నిలబడి తిరిగే ఇంజన్ అయితే సరే. కొండ ఎక్కే కారులో యాడ పెట్టేది?

సాన పట్టమని నువ్వు చెప్పినావు. అది మంచి దోవని నాకు తెలుసు. అదంతా చెవి పని, నాకు చెవి లేదు. గడియారమయితే కనపడతాది గదా అని టర్బో పెట్టినా. మూడు దోవల్లో ఒకటి ఎంచుకున్నది ఇంజన్ను సూసి కాదు. నన్ను సూసుకోని.

ఇంకోటి కూడా ఉండాది. నవంబరు ఒకటో తేదీ మధుసూదన్ వచ్చినాడు. మీ అత్త సంతకు పోయుండాది. వాడు బానెట్టు ఎత్తి, చేతులు తిప్పుతా ఏందో చెప్పినాడు. తల లోపలికి పెట్టి మాట్లాడతాండాడు, పెదాలు సరిగా కనపడలే. చెనిక్కాయలు అనేది ఒక్కటి దొరికింది. తెచ్చినాడేమో అనుకోని, "డిక్కీలో ఉంటే ఇయ్యి, ఇంట్లో ఇస్తా" అన్నా. వాడు పగలబడి నవ్వినాడు. నా భుజం తట్టి, బండెక్కి పోయినాడు.

పెనం మీద చెనిక్కాయలు వేగినట్టు చప్పుడొస్తాండాది అని చెప్పుంటాడు. ఇప్పుడు తెలుస్తాంది. నేను ఎగతాళి చేసినా, అంటే ఏమీ లేదులే అని వాడు అనుకునుంటాడు.

నీ లెక్క తప్పయినా, నా చెవి ఉండుంటే వాడు బతికుండును. కాబట్టి నువ్వు తప్పు నాది తప్పు నాది అని రాయొద్దు.

పోయిన గురువారం సుధారాణమ్మ షెడ్డుకొచ్చింది. ఒక్కతే. మీ అత్త కుర్చీ వేసి నీళ్ళకని లోపలికి పోయింది. ఆయమ్మ కూర్చోలే. కొంగు నోటికి అడ్డం పెట్టుకోని ఏందో అనింది. తిట్టిందో, శాపనార్థాలు పెట్టిందో. నోరు కనపడకపోతే నాకెట్ల తెలుస్తాది? ఏమన్నా పడాల్సిందే గదా అని తల ఊపినా. ఆయమ్మ కాసేపు నన్నే సూసి, తిరిగి సూడకుండా పోయింది. మీ అత్త చెంబు పట్టుకోని వచ్చేసరికి ఎవురూ లేరు.

ఆయమ్మ ఏమనిందో అదొక్కటి తెలుసుకోవాలని ఉండాది. నేను అడగలేను. అడిగినా వినలేను.

మామ.

*

మదనపల్లె,
డిసెంబరు 1.

మామా,

బస్టాండులో కూర్చుని రాస్తున్నాను. కుప్పం బస్సు పుంగనూరు మీదుగానే వెళ్తుంది. అక్కడ దిగాలా వద్దా అని ఇందాకటి నుంచి ఆలోచించాను. దిగను. నీ ఎదురుగా కూర్చుని పలక మీద రాసి చూపించే ధైర్యం ఇవాళ నాకు లేదు.

సుధారాణమ్మ ఇంటికి వెళ్ళాను. వరండాలో ఖాళీ టమోటా పెట్టెలు పేర్చి ఉన్నాయి. నేను ముద్దుకృష్ణ మేనకోడలినని చెప్పగానే తలుపు మూసేస్తారనుకున్నాను. "ఎర్ర సిరా పాపవా" అన్నారు. మధుసూదన్ అన్న గోడ మీది కాగితం గురించి ఇంట్లో చెప్పేవాడట.

నువ్వు తెలుసుకోవాలన్నది అడిగాను. ఆరోజు మామను ఏమన్నారమ్మా అని.

"తిట్టలేదమ్మా. తిట్టడానికి నా కాడ ఊపిరుంటే గదా. ఒక్కటే అడిగినా. చప్పుడొస్తాండాదని నా కొడుకు నీకు చెప్పినాడా అప్పా, అని అడిగినా. చెప్పినాడని తల ఊపినాడు. వాడు ఆస్పత్రిలో అదే అన్నాడు, అప్పకు చెప్పినాను, ఏం లేదన్నాడు అని. నేను నమ్మలే. పిల్లోడికి జ్వరంలో ఏదో అనిపించిందనుకున్నా. మీ మామ తల ఊపినాక నమ్మినా. తెలిసి వదిలేసినాడని నమ్మినా."

మామా, నువ్వు ఔనన్నది ఈ మాటకు.

నేను అన్నీ చెప్పాను. నీ చెవుల సంగతి చెప్పాను. నీ ఒట్టు నేను వేయలేదు, అత్త వేసింది. పాయింటు సంగతి, గీతల సంగతి చెప్పాను. నీ అక్టోబరు ఉత్తరం తీసి చూపించాను. ఆమె చదవలేదు, నన్నే చదవమన్నారు. చదివాను. సున్నా చెరిగిపోయిందన్న చోట ఆపమని చెయ్యెత్తారు.

పక్కనున్న ఖాళీ పెట్టె ఒకటి సరిగా పేర్చారు. తర్వాత "మా వ్యాన్ల టైర్లకు దినామూ నేను చెప్పే మాటే గదా అది. నలభై పాయింట్లు పెట్టరా అని" అన్నారు. నాకు కొంచెం ఊరట కలిగింది. ఆ ఊరట ఆమెకు కనిపించిందేమో.

"ఆ మాటకు నేను నిన్ను ఏమనను. చదువుకునే పిల్లవు, తప్పు రాసినావు. మీ మామ తప్పు రాయలేదు గదా. చెవుడని ఒక్క మాట చెప్పుంటే, నా కొడుకు ఇంకో తావుకు పోయుండును. బండి పోయేదేమో. బెంగళూరోడు నవ్వేవాడేమో. ఇంకేం పోయేది?"

ఆమె అన్నది అన్నట్టే నీకు రాస్తున్నాను.

వచ్చేటప్పుడు నీ ఉత్తరం ఆమె ముందు పెట్టాను. "నాకు యాల ఇది, ఇచ్చే కాడ ఇయ్యి" అన్నారు. రేపు పోలీసు స్టేషన్‌లో ఇస్తాను. నువ్వు కాల్చినవాటిలో నేను ఏం రాశానో కూడా రాసిస్తాను, ఎర్ర సిరాతో రాసిన వాక్యంతో సహా. నిన్ను అడగడం లేదు మామా, చెబుతున్నాను. నీ పేరు వేసిన ప్రాజెక్టు పేజీ నిన్న చించేశాను. మళ్ళీ రాయాలి. ఈసారి జరిగింది జరిగినట్టు రాస్తాను.

బస్సు వచ్చింది.

నవనీత.

*

పుంగనూరు,
డిసెంబరు 7.

నవనీత పాపకు,

షెడ్డు తలుపు మూసినా. ఉగాది దాకా ఆగలే. సామాన్లు తూకానికి వేసేసినా, స్క్రూడ్రైవరు ఒకటి తప్ప.

మొన్న స్టేషనుకు పిలిచినారు. చెవులు వినపడవని అందరి ముందర గట్టిగా చెప్పినా. మొదటిసారి చెప్పడం. ఎంత గట్టిగా చెప్పినానో నాకు తెలీలే, అందరూ తిరిగి సూసినారు. అప్పటి నుంచి వాళ్ళు కాగితం మీద రాసి అడిగినారు, నేను కింద రాసినా. మీ అత్తను బయటే కూర్చోబెట్టినారు.

నువ్విచ్చిన ఉత్తరం వాళ్ళ బల్ల మీద ఉండాది. నా రాత నాకే సూపించినారు. నువ్వు చెప్పినట్టు ళ తలకిందులుగానే ఉండాది. ఇన్నేండ్లు నాకు తెలీలే.

మధుసూదన్ చప్పుడు సంగతి చెప్పినాడా అని రాసినారు. చెప్పినాడు అని రాసినా. సుధారాణమ్మ అడిగిన దానికి వినకుండా తల ఊపినా గానీ, తెలిసుండినా అట్లే ఊపల్ల గదా. అది మార్చను. చెవుడని యాల దాచినావు అని రాసినారు. బండ్లు రావని, అని రాసినా. రాసినాక సూస్తే అంతే కనపడింది, రెండు మాటలు.

కడకు నీ ఎర్ర సిరా వాక్యం సూపించినారు, నువ్వు వాళ్ళకు రాసిచ్చినది. ఈ పాయింట్లు అనే మాట ఎవురిది అని రాసినారు. నీది అని రాయిస్తారేమోనని భయమైంది. నాది అని రాస్తే నువ్వు మళ్ళా వచ్చి కాదంటావు.

గాలి అంగట్లో అందరిదీ అని రాసినా. కింద సంతకం పెట్టినా.

మామ,
ముద్దుకృష్ణ.